బియ్యం పైనుంచి రావాలె.. పేర్లు ఊర్లెకెల్లి పోవాలె

2020 ఏప్రిల్ మొదటి వారం. బోధన్‌కెల్లి సాలూర పోయే తొవ్వకు కొంచెం లోపటికి ఉంటది మా ఊరు. ఊరు మొదట్ల తుమ్మకంప అడ్డం కొట్టి, "బయటోళ్లు రావొద్దు" అని అట్టముక్క మీద రాసి కట్టినం. గా కంప కొట్టినోళ్లల్ల నేను సుత ఉన్న. అప్పుడది మంచి పనే అనుకున్న.

ఊరవతల ఇటుక బట్టీ కాడ నాందేడ్ దిక్కుకెల్లి వచ్చిన నాలుగు కుటుంబాలు గుడిసెలేసుకొని ఉన్నయి. పెద్దోళ్లు తొమ్మిది మంది, పిల్లలు ఏడుగురు. బట్టీ బంద్ అయ్యింది, సాలూర కాడ బార్డర్ బంద్ అయ్యింది. ఆళ్లు ఇంటికి పోలేరు, ఊర్లెకు రాలేరు. సర్కారు అప్పటికే చెప్పింది, వలస కూలీలకు తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తమని. గని వీళ్ల పేర్లు ఏ లిస్టుల లెవ్వు. బట్టీ ఓనర్ చెప్పలే. సర్వేకు వచ్చినోళ్లు కంప కాడిదాకా వచ్చి, అక్కడికెల్లే మర్లిపోయిన్రు.

ఆళ్ల లెక్క ఊర్లె ఒక్కరికి తెలుసు, మా అంగన్‌వాడీ టీచరమ్మకు. పిల్లలకు బాలామృతం ఇయ్యాలని రెండు నెలల ముందే బట్టీ కాడికి పోయి పేర్లు రాసుకొచ్చింది. ఆమె నోట్‌బుక్కుల పేరు, వయసు, ఎవలి బిడ్డ, ఏ ఊరోళ్లు, అన్నీ ఉన్నయి. గా పేజీ ఫోటో తీసి మండలాఫీసుకు వాట్సాప్‌ల పంపితే మూడో దినానికి బియ్యం వచ్చినయి. కంప తియ్యమని కూడా పైనుంచే చెప్పిన్రు. అప్పటిదాకా పదకొండు దినాలు గా పిల్లలు ఏం తిన్నరో నేను అడగలే. అడిగే మొఖం లేకుండె.

గీ ముచ్చట ఎందుకు చెప్తున్న అంటే, సర్కారు కాడ బియ్యం ఉన్నయి, పేర్లు లెవ్వు. ఊరి కాడ పేర్లు ఉన్నయి, మనసు లేదు. "అంతా సర్కారే చెయ్యాలె" అనేటోళ్లు సగం ముచ్చటే చెప్తరు. "ఊర్లకు ఇడిచిపెడితే ఊర్లే చూసుకుంటయి" అనేటోళ్లు కూడా గంతే. ఆపత్తు వచ్చినప్పుడు సాయం ఎట్ల నడవాలె, బడి ఎట్ల నడవాలె అన్నదానికి మన జిల్లాల్నే కావల్సినన్ని పాఠాలున్నయి. వరుసగ చూద్దాం.

శక్కర్‌నగర్ల ఒకటే దర్వాజ

1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టిన్రు. గా నీళ్లతోని చెరుకు వచ్చింది. చెరుకు వచ్చినంక 1937-38ల బోధన్ పక్కన శక్కర్‌నగర్ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాల్నే పెద్దదని పేరు. ఉత్త ఫ్యాక్టరీ అనుకునేరు, అదొక ఊరు. క్వార్టర్లు, దవాఖాన, బడి, సొంత చెరుకు ఫారాలు ఉండె. జీతం, ఇల్లు, మందు, చదువు.. అన్నీ ఒకటే దర్వాజకెల్లి వచ్చేటియి. మా పెద్దోళ్లు "ఫ్యాక్టరీ నడిస్తే బోధన్ నడిచినట్టే" అనేటోళ్లు.

2002ల 51 శాతం వాటా ప్రైవేటోళ్ల చేతికి పోయింది. 2015 డిసెంబర్ల బోధన్, ముత్యంపేట, మెదక్ మూడు యూనిట్లు మూతపడ్డయి. 2019ల లిక్విడేషన్‌కు ఆర్డర్ అయ్యింది. 2024ల మల్ల తెరిపిస్తమని కొత్త సర్కారు కమిటీ ఏసింది. నడుమ ఎన్ని ఎలక్షన్లు, ఎన్ని మాటలు పోయినయో మీకు తెల్సిందే. గా రాజకీయం ఇంకో దినం మాట్లాడుకుందాం. ఈ ముచ్చటకు కావల్సింది ఒక్కటే. దర్వాజ ఒకటే ఉన్నప్పుడు అది మూసుకుంటే జీతం ఒక్కటే పోదు. పిలగాని ఫీజు, అవ్వ మందుగోలి, ఉండే క్వార్టర్, అన్నిటికీ ఒక్కసారే ఎసరు వస్తది.

"అందుకే పైనోళ్లను నమ్మొద్దు, మనది మనమే చేసుకోవాలె" అంటరు కొందరు. మరి మనది మనం చేసుకున్న ఫ్యాక్టరీ సుత ఉండె గదా. నిజామాబాద్ పక్కన సారంగపూర్ల సహకార చక్కెర ఫ్యాక్టరీ. చెరుకు రైతులే షేర్లు కట్టిన్రు, రైతులే ఓనర్లు. అది కూడా మూతపడ్డది. రైతులకు తెలివి లేక కాదు. చెరుకు తెచ్చినోనికి పైసలియ్యాలె, మిషన్లు బాగు చెయ్యాలె, శక్కర ధర పడిపోయిన యేడు తట్టుకోవాలె. గంత పెట్టుబడి చిన్న సంఘం కాడ ఉండదు, ఎనుకకెల్లి నిలబడే పెద్ద చెయ్యి కావాలె. 2015ల బోధన్ ఫ్యాక్టరీని సుత రైతుల సహకార సంఘమే నడపాలె అన్న మాట వచ్చినప్పుడు రైతులు ఎనకకు జరిగింది ఇందుకే. బరువు ఊరి మీద ఏసి, బలం పైన్నే పెట్టుకుంటే దాన్ని అధికారం ఇచ్చుడు అనరు, చేతులు దులుపుకొనుడు అంటరు.

బీడీలు చేసే అక్కలకు ఇంకో ముచ్చట ఎరుకే. 1976 చట్టంతోని బీడీల మీద సెస్సు ఏసి, గా పైసలతోని కార్మికుల దవాఖానలు, పిల్లల స్కాలర్‌షిప్పులు నడిచినయి. గసొంటి ఫండ్ ఏ ఒక్క ఊరితోని కాదు. దేశమంత కలిపి వసూలు చేస్తెనే అయితది. గని 2017ల జీఎస్టీ వచ్చి గా సెస్సును ఎత్తేసిన్రు. ఇగ బడ్జెట్‌ల ఏమిస్తరో అదే దిక్కు. నిజామాబాద్, కామారెడ్డి ఊర్లల్ల చాట ముందల కూసుండే లక్షల ఆడోళ్లను ఎవ్వలన్న అడిగిన్రా? అడగలే. పెద్దగ ఉండుడు తప్పు కాదు, అడగకుండ తీసేసుడు తప్పు.

లాక్‌డౌన్ల ఏది నడిచింది, ఏది నడవలే

లాక్‌డౌన్ మొదలైనప్పుడు తెలంగాణ సర్కారు దాదాపు 87 లక్షల కార్డులకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ప్రకటించింది. ఇది పైనుంచి కాకపోతే అయ్యే పనేనా? కాదు. ఏ సర్పంచ్ తోని కాదు, ఏ సంఘంతోని కాదు. గోదాముల్ల బియ్యం సర్కారు కాడ్నే ఉంటయి. హక్కు అనేది ఊరోని దయ మీద ఆధారపడొద్దు. కాబట్టి అది రాజధానిల్నే రాసి ఉండాలె.

గని కార్డు ఉన్నోనికే లెక్క ఉన్నది. కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టుకొని ఏండ్లకేండ్లు చూస్తున్నోళ్లు, పెండ్లై వేరువడ్డోళ్లు, వేరే రాష్ట్రపోళ్లు కంప్యూటర్ల లేకుంటే కడుపు లేనట్టే. ఇక్కడ్నే ఊరి లెక్క కావాలె.

గదే యాసంగిల వడ్ల కొనుగోలు చూడుండ్రి. రైతులందరు మార్కెట్ యార్డుకు వస్తే రోగం అంటుకుంటదని, ఊర్లల్నే దాదాపు 7 వేల సెంటర్లు పెట్టిన్రు. పైసలు, మద్దతు ధర, మిల్లులతోని ఒప్పందం పైనోళ్లవి. కాంటా, టోకెన్, ఎవలి వడ్లు ఎప్పుడు తేవాలె అన్నది ఐకేపీ అక్కలది, సొసైటీలది. సంచులు దొరకలే, హమాలీలు లేరు, తరుగు పేరుమీద కోసుకున్నరన్న లొల్లి ఉండె, అన్నీ నిజమే. అయినా గా సీజన్ల 60 లక్షల టన్నులకు పైన వడ్లు కొన్నరు. ఎవలి పని ఎవలిదో ముందుగాల్నే తేలి ఉండె కాబట్టి అయ్యింది. ఐకేపీ సంఘాలు కరోనా కోసం పుట్టినయి కావు. ఏండ్ల నుంచి మీటింగులు పెట్టుకొని, లెక్కలు రాసుకొని, కాంటా పట్టుకొని అలవాటు పడ్డ చేతులవి.

ఇప్పుడు బడి ముచ్చట. 2020 మార్చిల పదో తరగతి పరీక్షలు నడుమల్నే ఆగినయి. జూన్ల పరీక్షలు రద్దు చేసి, 5 లక్షలకు పైన పిల్లలను ఇంటర్నల్ మార్కులతోని పాస్ చేసిన్రు. అది పైన తీసుకోవాల్సిన నిర్ణయమే, ఊరికొక తీరు పాస్ చెయ్యలేం గదా. సెప్టెంబర్ 1 నుంచి మూడో తరగతి, ఆపై పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల టీవీ పాఠాలు మొదలైనయి. సార్లు మంచిగనే చెప్పిన్రు. గని టీవీ వినదు. అర్థం కాకుంటే "సార్, మల్లొకసారి" అనలేం. మన బార్డర్ ఊర్లల్ల ఇంట్ల మరాఠీ, ఉర్దూ మాట్లాడే పిల్లలున్నరు. కైకిలికి పోయే ఇంట్ల పాఠం టైముకు టీవీ ముందల పిల్లగాడు ఉన్నడో, మేకల ఎంబడి ఉన్నడో చూసేటోళ్లు లేరు. ఒకటి, రెండు తరగతులోళ్లకు గా పాఠాలే లేకపాయె. అక్షరాలు నేర్చే వయసు గట్లనే దాటిపోయింది.

కేరళల సుత 2020 జూన్ 1న టీవీ పాఠాలే మొదలుపెట్టిన్రు. టీవీ లేని పిల్లల కోసం లైబ్రరీలల్ల, అంగన్‌వాడీలల్ల టీవీలు పెట్టి కూసుండవెట్టిన్రు. ఆకలైనోళ్లకు పంచాయతీలు, కుటుంబశ్రీ ఆడోళ్లు కలిసి వంటశాలలు నడిపిన్రు. ఆళ్లేమన్న మనకంటే తెలివైనోళ్లా? కాదు. 1996ల్నే ప్రజా ప్రణాళిక అని పెట్టి, రాష్ట్ర ప్లాన్ పైసలల్ల పెద్ద వాటా పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఇచ్చుకుంట వచ్చిన్రు. ఇరువై నాలుగేండ్ల అలవాటు ఆపత్తుల అక్కరకొచ్చింది. ఈత నేర్సుడు వరద వచ్చినంక కాదు.

మా ఊర్లె ఏమయ్యిందో చెప్త. డిగ్రీ చదివే ఒక చెల్లె, కాలేజీ బంద్ ఉన్నదని ఊరికే కూసోక, యాపచెట్టు కింద పిల్లలను జమచేసి టీవీ పాఠం మల్ల చెప్పేది. మహారాష్ట్ర బట్టీ పిల్లల్ల ముగ్గురు వచ్చి కూసునేటోళ్లు. ఆ చెల్లెకు మరాఠీ సుత వస్తది. బడి రిజిస్టర్ల పేర్లు లెవ్వు కాబట్టి గా ముగ్గురికి సర్కారు పుస్తకాలు రావు. మా హెడ్‌మాస్టర్ పాత పుస్తకాలు ఎతికి ఇచ్చిండు. పుస్తకం అచ్చు కొట్టింది పైనోళ్లే, గా పిల్ల చేతికి అందించింది మాత్రం ఊరే. ఒక్క రూపాయి తీసుకోకుండ ఆరు నెలలు చెప్పింది గా చెల్లె. గసొంటి పనికి పంచాయతీలనో, బడి కమిటీలనో చిన్న పద్దు ఉంటే, పక్క ఊర్లె సుత ఇంకొక చెల్లె చెప్పేది.

రూలు పైన ఉన్నా, దాన్ని మనిషి మొఖం చూసి నడిపేటోడు కింద ఉండాలె అనేదానికి గదే ఏప్రిల్ల బోధన్ల ఒక ముచ్చట జరిగింది. సర్కారు బడి టీచరమ్మ ఒకామె, నెల్లూరు దిక్కు చిక్కుకున్న కొడుకును తెచ్చుకునేటందుకు స్కూటీ మీద పోయి రానుపోను దాదాపు 1400 కిలోమీటర్లు తిరిగొచ్చింది. దేశమంత పేపర్లల్ల వచ్చింది. అందరు ఆమె ధైర్యం గురించే రాసిన్రు, రాయాలె కూడా. నేను ఇంకొకటి చూసిన. ఆమె చేతుల బోధన్ పోలీసు అధికారి ఇచ్చిన లెటర్ ఉండె. లాక్‌డౌన్ ఢిల్లీ పెట్టింది. ఈమె తల్లి, ఈమెను పోనియ్యొచ్చు అని తేల్చింది బోధన్. గా కాయిదం లేకుంటే ఎన్ని చెక్‌పోస్టులు దాటేది?

ఊరంటే దేవుడేం కాదు

ఇంత చెప్పినంక "అన్నా, అయితే మొత్తం ఊరికే ఇచ్చేద్దాం" అనకుండ్రి. మన నిజామాబాద్ జిల్లా పోరగాళ్లకు వీడీసీ అంటే చెప్పే పని లేదు. గ్రామాభివృద్ధి కమిటీ. కొన్ని ఊర్లల్ల గీ కమిటీలే బడికి గదులు కట్టిచ్చినయి, సార్లు తక్కువైతే జీతమిచ్చి పెట్టుకున్నయి. సర్కారు మూడేండ్లల్ల చెయ్యని పని మూడు నెలల్ల చేసినయి కూడా. గదే వీడీసీలు ఇంకొన్ని ఊర్లల్ల ఒక కులాన్ని వెలేసినయి. ఆళ్లకు కిరాణం ఇయ్యొద్దు, కైకిలికి పిలువొద్దు, మాట్లాడితే జుర్మానా అని చాటిచ్చినయి. పోలీస్ కేసులైనయి, కోర్టులదాకా పోయినయి.

ఆలోచించుండ్రి. ఆపత్తుల బియ్యం పంచే అధికారం మొత్తం గసొంటి కమిటీ చేతుల పెడితే, వెలేసిన ఇంటికి బియ్యం పోతయా? ఎన్నుకున్నోళ్లు కాదు, ఆడిట్ లేదు, ఆడోళ్లు లేరు, దళితులు ఉన్నా ఎనుక వరుసల కూసుంటరు. ఊరికి అందరి పేర్లు తెలుసు. ఎవల పేరు కొట్టేయాల్నో కూడా గంతే మంచిగ తెలుసు. మా కంప గదే కథ. అందుకే సాయం ఊరి చేతులకెల్లి పోవాలె, గని "ఇయ్యం" అనే అధికారం ఊరికి ఉండొద్దు. చేర్చే హక్కు ఊరిది. తీసేయాలంటే మాత్రం రాసి, కారణం చెప్పి, పైనోళ్లతోని ఒప్పిచ్చుకోవాలె.

సర్పంచ్ లేని ఊరికి వరద

2025 ఆగస్టు 27, వినాయక చవితి దినం. కామారెడ్డి జిల్లా మీద మొగులు పలిగినట్టే అయ్యింది. రాజంపేట మండలం అర్గొండల ఒక్క దినంల 40 సెంటీమీటర్లకు పైన వాన. కామారెడ్డి టౌన్ల కాలనీలు మునిగినయి, భిక్కనూరు కాడ రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది, 44 నంబర్ హైవే తెగింది. పడవలు, రెస్క్యూ టీంలు పైనుంచి రావాల్సిందే, వచ్చినయి. తొవ్వలే తెగినప్పుడు మొదటి కొన్ని గంటలు మాత్రం ఊరే ఊరికి దిక్కు.

గప్పుడు ఊర్లల్ల సర్పంచ్‌లు ఉన్నరా? లేరు. 2024 ఫిబ్రవరి మొదట్ల పదవీకాలం అయిపోయింది. పంచాయతీ ఎలక్షన్లు 2025 డిసెంబర్ల అయినయి. నడుమ రెండేండ్లు, జర అటు ఇటు, స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఎన్నుకున్నోళ్లు లేరని కేంద్ర ఆర్థిక సంఘం పైసలు కూడా ఆగినయి. స్పెషల్ ఆఫీసర్ మంచోడే కావొచ్చు, గని ఆయన మీద ఇంకో నౌకరి బరువు ఉంటది. రాత్రి రెండింటికి ఏ ముసలవ్వ మట్టిగోడ ఇంట్లె ఒక్కతే పండుకున్నదో ఆయనకెట్ల తెలుస్తది? వార్డు మెంబర్‌కు తెలుస్తది. ఎలక్షన్ ఆపుడంటే రాజకీయం ఒక్కటే ఆగినట్టు కాదు తమ్మీ. ఆపత్తుల పేరు పెట్టి పిలిచే మనిషిని తీసేసినట్టు.

ఎవలి పని ఎవలిది

సగం నీకు సగం నాకు అని పంచుకునే ముచ్చట కాదిది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పని.

పైనోళ్ల పని: బియ్యం, పైసలు, మందులు, పడవలు, పుస్తకాలు, పరీక్షల నిర్ణయం. కార్డు ఉన్నా లేకున్నా ఆపత్తుల ఆకలైనోనికి తిండి హక్కు అని రాసి పెట్టుడు. మొదటి రెండు దినాలల్ల ఖర్చుకు పంచాయతీ ఖాతాల కొంత సొమ్ము ముందే ఉంచుడు. పర్మిషన్ కోసం ఫైలు తిరిగేలోపు ఆకలి ఆగదు.

ఊరి పని: పేర్లు. ఊరోళ్లవే కాదు, బట్టీ కాడ, కోళ్లఫారం కాడ, పొలం కొట్టంల ఉన్నోళ్లవి సుత. ఎవలికి నడవరాదు, ఎవలు నిండు మనిషి, ఎవలి ఇల్లు కూలేటట్టు ఉన్నది, ఎవలి పిల్లలు బడికి దూరమైతున్నరు. చదువుకున్నోళ్లు ఎవరెవరు ఏ వాడల పాఠం చెప్పగలరు.

నడుమ మండలం పని: ఊరు పంపిన లిస్టును ఒక్క దినంల పైకి తోలుడు. లిస్టును పంచాయతీ గోడ మీద అతికిచ్చుడు. "నా పేరు తీసేసిన్రు" అని వచ్చినోని ముచ్చట ఊరి పెద్దమనుషులు లేని కాడ వినుడు.

గీటికి కొత్త చట్టాలు కూడా అక్కర్లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టంల స్థానిక సంస్థలు సుత ప్లాన్ రాసుకోవాలె, సిబ్బందికి ట్రైనింగ్ ఇప్పియ్యాలె అని ఉన్నది. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌ల పంచాయతీలకు ఇయ్యదగ్గ 29 అంశాలల్ల చదువు ఉన్నది. విద్యాహక్కు చట్టంల బడి కమిటీకి బడి ప్లాన్ రాసే పని ఉన్నది. గా కమిటీల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం ఆడోళ్లు. అన్నీ కాయిదం మీద ఉన్నయి. ఊర్లె ఎవ్వరు అడగలే, అందుకే బీరువాల ఉన్నయి.

ఇప్పుడు కొత్త సర్పంచ్‌లు, వార్డు మెంబర్లు వచ్చిన్రు. చానమంది మీ ఈడోళ్లే, మీ వాట్సాప్ గ్రూపుల్ల ఉన్నోళ్లే. వచ్చే గ్రామసభకు పోయి మూడు అడుగుండ్రి. మన ఊరి ఆపత్తు ప్లాన్ ఎక్కడ? బయటికెల్లి వచ్చి బతికేటోళ్ల పేర్లు ఏ రిజిస్టర్ల ఉన్నయి? బడి నెల దినాలు బంద్ అయితే ఏ వాడల ఎవలు చెప్తరు? జవాబు లేదంటే గొడవ పెట్టుకోకుండ్రి. ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనుండ్రి, అంగన్‌వాడీ టీచరమ్మను, ఆశా వర్కర్‌ను పక్కన కూసుండవెట్టుకొని రాసుడు మొదలుపెట్టుండ్రి. ఒక కాపీ పంచాయతీల, ఒకటి బడిల, ఒకటి మండలాఫీసుల ఇయ్యుండ్రి. ఆరు నెలలకోసారి దిద్దుండ్రి.

ఇంకొక్కటి. రాసేటప్పుడు ఊరి పొలిమేర కాడ ఆగకుండ్రి. బట్టీ దాకా పోవుండ్రి. మేం గప్పుడు పోలే.